విశ్వవిద్యాలయంతో మూడేళ్ల ఒప్పందం: ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఏమి అడగాలి?

ప్రశ్న – ప్రధానోపాధ్యాయురాలు, సికింద్రాబాద్

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. నగరంలోని ఒక విశ్వవిద్యాలయానికి చెందిన విద్యా విభాగం మా పాఠశాలతో మూడేళ్లపాటు కలిసి పనిచేయాలని ఉందంటూ రెండు పేజీల ముసాయిదా ఒప్పందాన్ని పంపింది. బోధన నాణ్యతను పెంపొందించడం, ఉపాధ్యాయుల వృత్తి వికాసానికి తోడ్పడటం, పరస్పర సహకారం వంటి మాటలు అందులో నిండుగా ఉన్నాయి గాని, ఎవరు ఏ రోజున వస్తారు, ఎవరి తరగతిలో కూర్చుంటారు, వచ్చి ఏమి చేస్తారు అన్న సంగతి ఎక్కడా లేదు.

మా బడి పరిస్థితి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, పనుల కోసం ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటారు. 2022–23లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైన నాటి నుంచి, ఒక పేజీ ఇంగ్లిష్‌లోనూ ఎదురు పేజీ తెలుగులోనూ ఉండే ద్విభాషా పుస్తకాలతో పాఠాలు సాగుతున్నాయి. పాఠాన్ని ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలో ముగించాలన్న విషయంలో మా ఉపాధ్యాయులలో ఒక్కొక్కరిదీ ఒక్కో పద్ధతి. నిజంగా తోడు కావలసింది మాకు ఇక్కడే.

స్టాఫ్‌రూమ్‌లో అభిప్రాయాలు రెండుగా చీలాయి. ఇది మరో శిక్షణ, మరో రిజిస్టరు అని కొందరు అంటుంటే, కనీసం ఖాళీగా ఉన్న పీరియడ్లలోకి బీఈడీ విద్యార్థులైనా వస్తారని మరికొందరు అంటున్నారు. రెండో మాట మొదటిదానికంటే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది. ఇటువంటి ఒప్పందం వల్ల బోధనలో నిజంగా మార్పు వచ్చిన సందర్భాలను మీలో ఎవరైనా చూశారా? సంతకం చేసే ముందు నేను ఏమేమి రాయించుకోవాలి? అసలు సంతకం చేసే అధికారం నాకు ఉందా?

జవాబు – గణితం స్కూల్ అసిస్టెంట్, మల్కాజిగిరి

మేడమ్, ముందుగా మీరు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ మదింపులో పరిశోధన, విస్తరణ కార్యక్రమాలకు ఒక ప్రమాణం ఉంది; బయటి సంస్థలతో కుదుర్చుకున్న ఒప్పందాలు దానికిందే లెక్కకు వస్తాయి. కనుక ఒప్పందం కుదరడమే అవతలివారి అవసరం తీరడం అయ్యే ప్రమాదం ఉంటుంది. నేను గతంలో పనిచేసిన పాఠశాలకు ఒక కళాశాలతో అటువంటి ఒప్పందమే జరిగింది. బ్యానర్ కట్టారు, ఫొటో దిగారు, శాలువా కప్పారు. ఆ తరువాత ఆ కాగితం గురించి అడిగినవారు లేరు.

మీ వద్దకు వచ్చినవారు అటువంటివారే అని నేను అనడం లేదు. అయితే వారి చిత్తశుద్ధిని తెలుసుకోవడానికి ఇంటర్న్‌షిప్‌ను చూస్తే చాలు. ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2014 నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీలో ఇరవై వారాలు పాఠశాలలో గడపాలి. అందులో పదహారు వారాలు రెండో సంవత్సరంలోనే. ఇది చిన్న వ్యవధి కాదు. ఆచరణలో మాత్రం ఛాత్రోపాధ్యాయులు, అంటే ఆ బీఈడీ విద్యార్థులు, పెళ్లికి వచ్చిన చుట్టాల్లా వచ్చిపోతున్నారు. సెలవు పెట్టిన ఉపాధ్యాయుని పీరియడ్ వారిచేత నింపిస్తాం. వారు రికార్డుల్లో పాఠ్య ప్రణాళికలు రాసుకుంటారు, పర్యవేక్షకులు వచ్చి చివరి బెంచీలో కాసేపు కూర్చుని సంతకం పెట్టి వెళతారు. ఆ పాఠం గురించి ఆ తరగతికి రోజూ బోధించే ఉపాధ్యాయుణ్ణి పర్యవేక్షకులు ఒక్క మాట అడగరు. అడిగితే అక్కడే భాగస్వామ్యం మొదలయ్యేది.

అందుచేత ఒప్పందంలో మొట్టమొదట రాయించవలసింది ఇది: ఇంటర్న్‌లను ఖాళీ పీరియడ్లకు వాడబోమని మీరు రాయండి, ప్రతి ఇంటర్న్‌తోపాటు పర్యవేక్షకులు, తరగతి ఉపాధ్యాయుడు కలిసి కూర్చుని పాఠాన్ని చర్చించే సమయం ఉంటుందని వారిచేత రాయించండి.

జవాబు – పదవీ విరమణ చేసిన విద్యాశాస్త్ర ఆచార్యుడు, తార్నాక

పై మిత్రుడు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను. అయితే విశ్వవిద్యాలయానికీ బడికీ మధ్య ఉన్న ఈ దూరం నిన్న మొన్న ఏర్పడినది కాదు. 1964–66లో పనిచేసిన కొఠారీ కమిషన్, మన ఉపాధ్యాయ విద్యాసంస్థలు విశ్వవిద్యాలయాల మేధో జీవితం నుంచి, పాఠశాలల దైనందిన జీవితం నుంచి, చివరికి ఒకదాని నుంచి ఒకటి కూడా వేరుపడి ఉన్నాయని స్పష్టంగా చెప్పింది. ప్రతి శిక్షణ సంస్థకూ పాఠశాలల్లోకి వెళ్లి పనిచేసే విస్తరణ విభాగం ఉండాలని సిఫారసు చేసింది. 1986 జాతీయ విద్యా విధానం తరువాత ఉపాధ్యాయుల శిక్షణ సంస్థలైన డైట్లు (జిల్లా స్థాయివి), సీటీఈలు, ఐఏఎస్‌ఈలు వచ్చాయి. మన మాసాబ్‌ట్యాంక్‌లోని ఐఏఎస్‌ఈ పేరు కూడా ఆ పథకం నుంచి వచ్చిందే. సంస్థలు పుట్టాయి గాని, చెప్పేవారు పైన, వినేవారు కింద అన్న అమరిక మాత్రం మారలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ప్రాథమిక విద్యా పథకం, అంటే మనవాళ్లు ‘అపెప్’ అని పిలుచుకున్నది, ఈ అమరికను కొంతవరకు కదిలించింది. ఉపాధ్యాయులు టీచర్ సెంటర్లలో కలుసుకుని, తాము తయారుచేసిన కృత్యాలను ఒకరికొకరు చూపించుకుని మాట్లాడుకునే ఏర్పాటు దానిది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే నేటి కాంప్లెక్స్ సమావేశాలు ఆ అలవాటుకు వారసులే అయినా, వాటిలో పాఠం గురించిన మాటకంటే సర్క్యులర్ల గురించిన మాట ఎక్కువైపోయింది.

మేడమ్ అడిగిన ‘నిజంగా మార్పు వచ్చిన సందర్భం’ నాకు తెలిసినంతలో మన దేశంలో అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది మధ్యప్రదేశ్‌లోని హోశంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు మొదలుపెట్టిన ఆ పనిలో ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు, టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని ముందుకు నడిపింది. ప్రయోగాల ద్వారా సైన్సు నేర్పడం అందులో ఒక భాగం మాత్రమే. నెలనెలా జరిగే సమావేశాల్లో గ్రామీణ పాఠశాల ఉపాధ్యాయుడు లేచి ‘ఈ ప్రయోగం మా తరగతిలో జరగలేదు’ అని చెబితే, భౌతికశాస్త్ర ఆచార్యుడు ఆ మాటను రాసుకుని తరువాతి ముద్రణలో అధ్యాయాన్ని మార్చడం నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం. పరీక్షను కూడా మార్చారు: పుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పరీక్ష, దానితోపాటు ప్రయోగ పరీక్ష. పరీక్ష మారకుండా బోధనను మార్చమంటే ఉపాధ్యాయుడు వినడు; వినకపోవడం అతని తప్పు కూడా కాదు. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది. మూడు దశాబ్దాల పని కూడా ఒక ఉత్తర్వుతో ఆగిపోగలదన్న సంగతిని మనం గుర్తుంచుకోవాలి గాని, అది ఆగిపోయింది కనుక విఫలమైందని తేల్చడం న్యాయం కాదు.

ఇక విశ్వవిద్యాలయం వైపు ఉన్న అడ్డంకిని కూడా దాచకుండా చెప్పాలి. అధ్యాపకుని పదోన్నతి ప్రధానంగా ప్రచురించిన పత్రాల మీద ఆధారపడి ఉంటుంది. ప్రభుత్వ పాఠశాలలో ఆరో తరగతి పిల్లల నోటుపుస్తకాలు చూస్తూ గడిపిన ఒక పూటకు అతని సర్వీసులో పెద్దగా విలువ దొరకదు. కనుక మంచి మనసుతో మొదలుపెట్టినవారు కూడా రెండో ఏడాదికి తమ బదులు పరిశోధక విద్యార్థిని పంపడం మొదలుపెడతారు. దీనికి విరుగుడు ఒకటే: వచ్చే అధ్యాపకుల పేర్లు, వచ్చే వారం, రోజు ఒప్పందంలోనే ఉండాలి, ఆ సమయాన్ని వారి బోధన భారంలో కలిపి టైంటేబుల్‌లో చూపుతామని విభాగాధిపతి రాసి ఇవ్వాలి. 1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం స్థానిక పాఠశాలలతో కలిసి మొదలుపెట్టిన ఇంటర్న్‌షిప్ పద్ధతిలోనూ ఇదే మూలసూత్రం. ఇంటర్న్‌లను చాలా బడులకు ఇద్దరు ముగ్గురు చొప్పున పంపకుండా, తక్కువ బడులకు గుంపుగా పంపి, ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడే ఉంచి, బడిలోని ఉపాధ్యాయులకే మార్గదర్శకుల హోదా ఇచ్చారు.

మరొక మాట. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ వంటివాటికి నమూనా పాఠాలు చూపే సొంత ప్రదర్శన పాఠశాలలు ఉన్నాయి. శిక్షణ పొందేవారికి అవి ఉపయోగమే గాని, సాధారణ ప్రభుత్వ బడి ఉపాధ్యాయుడు అక్కడి పాఠాన్ని చూసి ‘అది అక్కడ సాగుతుంది, మా దగ్గర సాగదు’ అని తిరిగివస్తాడు. నాలుగు భాషల పిల్లలున్న మీ తరగతి గదిలో సాగిన పాఠానికి ఆ ఇబ్బంది లేదు. మీ బడి వారికి ఎంత అవసరమో గుర్తించి బేరమాడండి.

ప్రధానోపాధ్యాయురాలు, సికింద్రాబాద్

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. మా ఉపాధ్యాయుల అసలు భయాన్ని ఇప్పుడు చెప్పాలి. ఎవరో వచ్చి వెనుక కూర్చుని పాఠం చూస్తే, ఆ రాత మా పై అధికారులకు చేరుతుందేమో అన్నది వారి అనుమానం. దానికి నా దగ్గర సమాధానం లేదు.

జవాబు – డైట్ అధ్యాపకురాలు

ముందుగా అధికారం సంగతి. బయటి సంస్థతో మూడేళ్ల ఒప్పందాన్ని ప్రధానోపాధ్యాయులు సొంతంగా కుదుర్చుకోవడం సరికాదు. మన జిల్లాలో డిప్యూటీ ఐఓఎస్ (డిప్యూటీ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ స్కూల్స్) ద్వారా డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి) గారికి పంపి, ప్రొసీడింగ్స్, అంటే ఉత్తర్వు, వచ్చాకనే ముందుకు వెళ్లండి. ఇంటర్న్‌లకు బడుల కేటాయింపు ఎలాగూ డీఈఓ కార్యాలయం నుంచే జరుగుతుంది కనుక, ఆ విశ్వవిద్యాలయ విద్యార్థులను వరుసగా మూడేళ్లు మీ బడికే కేటాయించాలని అదే లేఖలో కోరవచ్చు. పిల్లలకు సంబంధించిన విషయాన్ని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ముందు పెట్టి తీర్మానం రాసుకోవడం మేలు.

రెండోది సమయం. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాస కార్యక్రమాల్లో పాల్గొనాలని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. విశ్వవిద్యాలయంతో కలిసి మీ బడిలోనే చేసే పనిని ఆ గంటల కింద నమోదు చేయమని అడగండి. బడి వదిలాక ఉండమంటే మహిళా ఉపాధ్యాయులలో చాలామందికి కుదరదు, ఆదివారం రమ్మంటే ఎవరికీ కుదరదు. పని బడివేళల్లో జరగాలి, అవసరమైతే విశ్వవిద్యాలయానికి వెళ్లే రోజున ఓడీ (ఆన్ డ్యూటీ) ఇవ్వాలి. ఇవి లేకుండా ఉత్సాహం మీద నడిచే కార్యక్రమం దసరా సెలవుల దాకా కూడా రాదు.

మూడోది బదిలీలు. ఒకే చోట ఐదేళ్లు నిండిన ప్రధానోపాధ్యాయులు, ఎనిమిదేళ్లు నిండిన ఉపాధ్యాయులు తప్పనిసరి బదిలీ కిందికి వస్తారు. మీరు వెళ్లిపోతే ఒప్పందం బీరువాలోకి వెళ్లకుండా, ప్రతి సబ్జెక్టు నుంచి ఒకరి పేరు బాధ్యులుగా ఉండాలి. డైట్‌ను కూడా మూడో పక్షంగా చేర్చుకోండి. మా దగ్గర పోస్టులు ఖాళీగా ఉన్న మాట నిజమే అయినా, మీ బడిలో కుదిరిన పద్ధతి పక్క కాంప్లెక్స్‌కు చేరాలంటే ఆ దారి డైట్ గుండానే ఉంది.

పరిశీలన నోట్ల విషయంలో మీ ఉపాధ్యాయుల అనుమానం సబబైనదే. ఆ నోట్లు తనిఖీకి గాని, పనితీరు మదింపుకు గాని ఉపయోగపడవని ఒప్పందంలో ఒక వాక్యం ఉండి తీరాలి.

జవాబు – పరిశోధక విద్యార్థిని, గచ్చిబౌలి

నేను అవతలి పక్షం నుంచి రాస్తున్నాను. మా రంగంలో పీహెచ్‌డీ కోసం బడికి వచ్చి, ప్రశ్నావళి పంచి, పిల్లలకు ఒక పరీక్ష పెట్టి, సమాచారం తీసుకుని వెళ్లిపోయేవారు చాలామంది ఉన్నారు. సిద్ధాంత గ్రంథం చివరకు ఇంగ్లిష్‌లో శోధ్‌గంగాలో, అంటే సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారంలో, చేరుతుంది. సమాచారం ఇచ్చిన ఉపాధ్యాయుడు దాన్ని చూడడు, చూడమని చెప్పినవారూ ఉండరు. దీనిని ఒప్పందంతోనే ఆపవచ్చు. మీ బడిలో సేకరించిన ప్రతి విషయాన్నీ ప్రచురణకు ముందు మీ ఉపాధ్యాయులకు తెలుగులోనో ఉర్దూలోనో వివరించాలని, పిల్లల ఫొటోలు, పేర్లు, మార్కులు తల్లిదండ్రుల అనుమతి లేకుండా బయటికి పోకూడదని, ఉపాధ్యాయుని ఆలోచన ఉన్న చోట ఉపాధ్యాయుని పేరు రచయితగా ఉండాలని రాయించండి. ఈ చివరి మాటకు కొందరు ఆచార్యులు ఇబ్బందిపడతారు. ఇబ్బందిపడితే, వారు ఎందుకు వస్తున్నారో మీకు ముందే తెలిసిపోతుంది.

గణితం స్కూల్ అసిస్టెంట్, మల్కాజిగిరి

ఆచార్యులు గారు చెప్పిన హోశంగాబాద్ మీద నాకు గౌరవం ఉంది గాని, ఆ ఉదాహరణ ఒక బడికి బరువెక్కువ. దాని వెనుక ప్రభుత్వ అనుమతి, డజన్ల కొద్దీ శాస్త్రవేత్తలు, మారిన పరీక్ష ఉన్నాయి. మేడమ్ దగ్గర ఉన్నది ఒక పీరియడ్, ఫార్మేటివ్ పరీక్షల షెడ్యూలు, సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి. ఇంతలోనే సాగే పని కావాలంటే నేను జపాన్ ఉపాధ్యాయుల పాఠ పరిశీలన పద్ధతిని సూచిస్తాను. నలుగురు ఉపాధ్యాయులు కలిసి ఒకే పాఠాన్ని తయారుచేస్తారు. ఒకరు బోధిస్తారు, మిగిలినవారు చూస్తారు. చూసేది పిల్లలను మాత్రమే: ఎవరు ఏమి రాశారు, ఎక్కడ ఆగిపోయారు, పక్కవాడితో ఏమన్నారు. పాఠం అయ్యాక కూర్చుని మాట్లాడుకుంటారు, బయటి నుంచి వచ్చిన నిపుణుడు చివరలో మాట్లాడతాడు. పాఠం నలుగురిదీ కనుక లోపం ఒక్కరి మీద పడదు. మీ ఉపాధ్యాయుల భయానికి ఒప్పందంలోని వాక్యంకంటే ఇది గట్టి జవాబు అని నా అభిప్రాయం.

ఉదాహరణకు భిన్నాల సంకలనం తీసుకుందాం. ఆరో తరగతిలో 1/2 + 1/3 ఎంత అని అడిగితే 2/5 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. క.సా.గు. పద్ధతి మళ్లీ చెబుతాం, మళ్లీ 2/5 వస్తుంది. పిల్లవాడు భిన్నాన్ని ఒక సంఖ్యగా చూడటం లేదు, గీతకు పైన ఒకటి, కింద ఒకటి రెండు వేర్వేరు సంఖ్యలుగా చూస్తున్నాడు. 2/5 సగంకంటే తక్కువ, మరి సగానికి ఇంకొంత కలిపితే సగంకంటే ఎలా తగ్గింది అని వాడిచేతనే అడిగించే పాఠం ఒకటి తయారుచేయాలి. దీనిమీద ప్రపంచంలో జరిగిన పరిశోధన ఆచార్యులకు తెలుసు. ఏ పిల్లవాడు ఏ మాటకు బెదురుతాడో, ఏ మాట ఇంగ్లిష్‌లో చెబితే అడ్డం పడుతుందో మనకు తెలుసు. ఇంటర్న్‌లు ఆ తరగతి జవాబులను తప్పుల రకాల ప్రకారం విడదీసి పెట్టగలరు. ముగ్గురికీ పని ఉంది, ముగ్గురికీ నేర్చుకునేది ఉంది.

పదవీ విరమణ చేసిన విద్యాశాస్త్ర ఆచార్యుడు, తార్నాక

ఒక బడికి బరువెక్కువన్న మాటను ఒప్పుకోలేను. అక్కడా మొదలైంది 16 బడులతోనే. అయితే మొదటి ఏడాదికి మీ పద్ధతే అనువైనదని అంగీకరిస్తున్నాను. భాష గురించి మాత్రం ఒక హెచ్చరిక. గణిత బోధన నిపుణులకు ద్విభాషా తరగతి గురించి తెలిసి ఉండాలన్న నియమం లేదు. ఇంగ్లిష్ బోధనకు 1958 నుంచి పనిచేస్తున్న నేటి ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) తార్నాకలోనే ఉంది, ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ విద్యకు 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలో ఉంది. మీతో ఒప్పందం చేసుకునే విభాగం, భాషా బోధన తెలిసినవారిని ఈ రెండింటిలో ఒకదాని నుంచైనా తమ వెంట తీసుకురావాలని అడగండి. దేశంలో చాలా నగరాలకు లేని సౌకర్యం ఇది.

ప్రధానోపాధ్యాయురాలు, సికింద్రాబాద్

ముసాయిదాను ఈ సూచనల ప్రకారం తిరిగి రాసి, విభాగాధిపతికి పంపాను. ప్రతిని డిప్యూటీ ఐఓఎస్ గారికి సమర్పించాను. అధ్యాపకుల పేర్లు, రోజు, ఓడీ, పరిశీలన నోట్లు, సమాచారం, ఖాళీ పీరియడ్లు అన్నీ చేర్చాను. మా గణితం, సైన్సు ఉపాధ్యాయులు ముందుకు వచ్చారు. ఏ తరగతితో మొదలుపెట్టాలన్నదే మిగిలింది. ఫలితం అందరికీ కనిపిస్తుంది కనుక పదో తరగతి అని సైన్సు మేడమ్ అంటున్నారు.

గణితం స్కూల్ అసిస్టెంట్, మల్కాజిగిరి

పదో తరగతి వద్దు మేడమ్. సంక్రాంతి దాటాక ఆ తరగతి మొత్తం ప్రత్యేక తరగతులకు, స్లిప్ టెస్టులకు వెళ్లిపోతుంది. ఏ ప్రయోగమూ నిలవదు, పైగా ఫలితం తగ్గితే నింద దీనిమీదికి వస్తుంది. ఆరో తరగతి తీసుకోండి. వేర్వేరు ప్రాథమిక పాఠశాలల నుంచి వచ్చిన పిల్లలు కనుక, వారికి ఏమి వచ్చు, ఏమి రాదు అని మొదట్లోనే తెలుసుకోవలసిన అవసరం మీకు ఎలాగూ ఉంటుంది. మీది మూడేళ్ల ఒప్పందం కాబట్టి అదే పిల్లలను ఎనిమిది పూర్తయ్యేవరకు గమనించవచ్చు. విశ్వవిద్యాలయం వారు వచ్చే రోజున ఆ తరగతి గణితం, సైన్సు పీరియడ్లు మధ్యాహ్న భోజనానికి ముందు వరుసగా వచ్చేలా జూన్‌లోనే టైంటేబుల్ వేయించండి. భోజనం తరువాతి పీరియడ్ ఆ ఇద్దరు ఉపాధ్యాయులకూ ఖాళీగా ఉంచితే, చర్చకు వేరే సమయం వెతకవలసిన పని ఉండదు.